ఆరు వేషాలు, ఆరు పూర్వకథలు: తిక్కన పాత్రల పనితనం

కథ రాసేవాళ్ళందరికీ ఒక చోట కలం ఆగుతుంది. పాత్రకు పేరు దొరుకుతుంది, రూపం దొరుకుతుంది, మాట తీరు కూడా పట్టుబడుతుంది. ఈ మనిషి ఇక్కడికి రాకముందు ఎక్కడున్నాడు, ఎవరి దగ్గర పనిచేశాడు, ఏం పోగొట్టుకున్నాడు అన్న దగ్గర చిక్కు వస్తుంది. పూర్వకథ లేకపోతే పాత్రకు కాళ్ళు నేలమీద ఆనవు. అది మరీ ఎక్కువైతే కథ నడక ఆగిపోతుంది. ఎంత చెప్పాలి, ఏది దాచాలి, ఎవరి నోట చెప్పించాలి అన్నది రచనలో కష్టమైన విద్య. ఆ విద్యలో తెలుగువాళ్ళకు గొప్ప గురువు నెల్లూరులో ఉన్నాడు. 13వ శతాబ్దంలో తిక్కన తెలుగు చేసిన విరాటపర్వాన్ని ఆ కంటితో చదివితే, పాత్రకు గతాన్ని ఎలా కల్పించాలో పర్వం పొడవునా కనిపిస్తుంది.

విరాటపర్వంలో కథంతా పూర్వకథల మీదే నడుస్తుంది. లోకమంతా ఎరిగిన ఆరుగురు, ఐదుగురు పాండవులూ ద్రౌపదీ, ఒక ఏడాదిపాటు లోకానికి తెలియకుండా బతకాలి. పేరు మార్చుకుంటే సరిపోదు, బట్టలు మార్చుకున్నా సరిపోదు. తలదాచుకోబోయే కొలువులో విరాటరాజు అడిగే మొదటి ప్రశ్న "నువ్వెవరు, ఎక్కడినుంచి వచ్చావు?" అన్నదే. దానికి ఆరుగురి దగ్గరా ఆరు జవాబులుండాలి. ఆ జవాబులు ఒకదానితో ఒకటి పొసగాలి, ఏడాదిపాటు నిలవాలి, దొరికిపోతే మళ్ళీ పన్నెండేళ్ళ అరణ్యవాసం. పాత్రలే రచయితలై తమ గతాన్ని తామే కల్పించుకునే ఇలాంటి కథ మన సాహిత్యంలో చాలా అరుదు.

నెల్లూరి మంత్రి

తిక్కన నెల్లూరు పాలించిన తెలుగుచోడ రాజు మనుమసిద్ధి కొలువులో మంత్రి. కొమ్మన, అన్నమల కొడుకు. తాత మంత్రి భాస్కరుడు. నిర్వచనోత్తర రామాయణం రాసి రాజుకు అంకితమిచ్చాడు. యజ్ఞం చేసి సోమయాజి అయ్యాడు. భారతాన్ని మాత్రం నరుడికి ఇవ్వక హరిహరనాథుడికి అంకితం చేశాడు. మనుమసిద్ధి రాజ్యం పోగొట్టుకున్నప్పుడు తిక్కన ఓరుగల్లు వెళ్ళి కాకతీయ గణపతిదేవుడి సాయం సంపాదించాడని సిద్ధేశ్వర చరిత్ర చెబుతుంది. మంత్రి, కవి, యజ్వ, రాయబారి. ఒకే మనిషి ఇన్ని కొలువుల్లో ఇన్ని రకాలుగా మెలగాల్సి వచ్చింది. పరాయి రాజు ముందు నిలబడి తన రాజు కష్టం చెప్పుకోవడం ఎలాంటిదో ఎరిగిన మనిషి విరాటుడి కొలువును రాశాడు.

11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ మొదలుపెట్టిన భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగింది. తిక్కన ఆ మిగిలిన భాగాన్ని ముట్టలేదు. దాన్ని 14వ శతాబ్దంలో ఎర్రన పూరించాడు. తిక్కన నాలుగో పర్వమైన విరాటంతో మొదలుపెట్టి స్వర్గారోహణం దాకా పదిహేను పర్వాలు ఒంటి చేత్తో పూర్తిచేశాడు. విరాటపర్వం అనేక రసాలకు చోటున్న కథ అని అవతారికలో తానే చెప్పుకున్నాడు. ఆ మాటలో ఒక శిల్పి ఎంపిక ఉంది. పదిహేను పర్వాల పని ముందున్న మనిషి తన చేతి బలం చూసుకోవడానికి వేషాల కథతో ఆరంభించాడు.

కథ వ్యాసుడిదే. వేషాలూ మారుపేర్లూ మూలంలో ఉన్నవే. తిక్కన గొప్పతనం ఆ కథకు మనుషుల గొంతులు ఇవ్వడంలో ఉంది. వర్ణనను తగ్గించి మాటను పెంచాడు. ఒక్క చూపుతో, ఒక్క కదలికతో మనసు తెలిసేలా చేశాడు. పండితులు ఆయన నాటకీయతను ఇన్ని వందల ఏళ్ళుగా మెచ్చుకుంటున్నది అందుకే.

గాయం నుంచి పుట్టిన గతం

ధర్మరాజు ఎంచుకున్న వేషం చూడండి. రాజ్యం, తమ్ముళ్ళు, భార్య, తాను, అన్నీ పాచికల మీద పోగొట్టుకున్న మనిషి ఇప్పుడు కంకభట్టు అనే పేరుతో విరాటుడికి జూదం నేర్పేవాడిగా చేరాడు. ఎవరైనా తనను పాడుచేసిన వస్తువుకు దూరంగా పారిపోతారు. ఈయన దాని పక్కనే కూర్చుని ఏడాది బతకడానికి సిద్ధపడ్డాడు. అడవిలో బృహదశ్వుడు నలుడి కథ చెప్పి అక్షవిద్య నేర్పాడు కాబట్టి ఇప్పుడు ఆట తెలిసినవాడే. కంకభట్టు చెప్పుకున్న గతం మరీ చిత్రమైనది: తాను యుధిష్ఠిరుడికి ప్రాణంతో సమానమైన నేస్తాన్నని చెప్పాడు. ఆ మాటలో అబద్ధం ఎక్కడుందో వెతికితే దొరకదు. మనిషి తనకు తాను నేస్తమే కదా. సత్యం తప్పని మనిషికి అబద్ధం రాసి పెట్టాల్సి వచ్చినప్పుడు కవి చేసిన పని ఇది. పాత్ర స్వభావం విరగకుండా పూర్వకథ అల్లాడు.

ఇక్కడినుంచి నేర్చుకోవాల్సిన మొదటి సంగతి తెలుస్తోంది. కల్పించిన గతం పాత్ర గాయానికి ఎంత దగ్గరగా ఉంటే అంత నిలుస్తుంది. గాయానికి సంబంధం లేని గతం ఎంత వింతగా ఉన్నా పాఠకుడి మనసులో నాటదు.

భీముడు వంటశాలకు వెళ్ళాడు. వలలుడు అన్న పేరుతో, ధర్మరాజు ఇంట వండినవాడినని చెప్పుకున్నాడు. తిండి మీద అతనికున్న ప్రేమ, కుస్తీ మీద అతనికున్న మోజు రెండూ ఆ వేషంలో ఇమిడిపోయాయి. వంటవాడు భారీగా ఉంటే ఎవరూ ఆశ్చర్యపడరు. మల్లులతో తలపడమని రాజు పిలిస్తే వంటవాడి కండలకు కారణం అడిగేవాడూ ఉండడు. ఒంట్లో దాచలేని బలాన్ని దాచాలంటే దాన్ని వాడుకునే పనిలోనే పెట్టాలి.

నకులుడు గుర్రాల దగ్గర దామగ్రంథి. సహదేవుడు ఆవుల దగ్గర తంత్రీపాలుడు. ఈ ఇద్దరికీ కథ తక్కువ చోటిస్తుంది. ఆ తక్కువ చోటులోనే పని తెలిసినవాళ్ళ మాటలు మాట్లాడతారు. నెల్లూరి పాఠకుడికి సహదేవుడి వేషం దగ్గర మనసు ఒక్క క్షణం ఆగుతుంది. ఈ సీమ ఆవుల సీమ. ఒంగోలు జాతి పశువులను బ్రెజిల్ దేశంలో నేటికీ నెల్లూరు పేరుతో నెలోరే అనే పిలుస్తారు. పచ్చిక బీళ్ళ కోసం, పుల్లరి కోసం మనుమసిద్ధికీ కాటమరాజుకూ యుద్ధం జరిగిందనీ, తిక్కనకు బంధువైన ఖడ్గతిక్కన అందులో పోరాడాడనీ కాటమరాజు కథ పాడుతుంది. ఆవుల మందలను పట్టుకుపోవడమే యుద్ధానికి కారణమయ్యే విరాటపర్వం ఈ గడ్డమీది శ్రోతలకు పరాయి కథగా వినిపించి ఉండదు.

అర్జునుడి వేషం అన్నిటికన్నా సాహసం. వింటినారి రాసుకుని రెండు చేతులా కాయలు కాచిన వీరుడు ఆ మచ్చలను గాజులతో కప్పుకుని బృహన్నలగా అంతఃపురంలో నాట్యం నేర్పాడు. వ్యాసుడి మూలంలో బృహన్నల తన గతం గురించి దాదాపు ఏమీ చెప్పడు. ఈ రూపం నాకెలా వచ్చిందో చెప్పుకుంటే దుఃఖమే పెరుగుతుంది, తల్లీ తండ్రీ లేనివాడిగా ఎంచుకోండి అని ఊరుకుంటాడు. తక్కినవాళ్ళు కథ చెప్పి నమ్మిస్తే ఇతడు చెప్పకుండా నమ్మించాడు. విన్నవాళ్ళకు మళ్ళీ అడగబుద్ధి కాలేదు. ఆరుగురిలో ఒక్కరి పూర్వకథను ఖాళీగా వదలడం చేయి తిరిగిన రచయిత ధైర్యం. అన్ని పాత్రలకూ ఒకే కొలతలో గతం ఇవ్వనక్కరలేదని కొత్త రచయితలు ఇక్కడ చూసి నేర్చుకోవచ్చు.

సైరంధ్రి

ద్రౌపది దగ్గర ఈ విద్య శిఖరానికి చేరింది. నిండుసభలో జుట్టు పట్టి ఈడ్పించుకున్న స్త్రీ ఇప్పుడు ఎంచుకున్న పని సైరంధ్రి పని: రాణికి జడలల్లడం, పూలు కట్టడం, గంధం తీయడం. తన కురులకు జరిగిన అవమానం ఇంకా తీరకుండానే ఇంకొకరి కురులు దువ్వుతూ ఏడాది గడపాలి. పేరు మాలిని. ఇదివరకు సత్యభామ దగ్గర, ద్రౌపది దగ్గర పనిచేశానని చెప్పింది. తన భర్తలు గంధర్వులనీ, వాళ్ళు కనపడకుండా తనను కాపాడుతుంటారనీ చెప్పింది. ఎంగిలి ముట్టననీ, ఎవరి కాళ్ళూ కడగననీ ముందే షరతులు పెట్టింది. పనిమనిషిగా చేరుతూ షరతులు పెట్టడంలోనే ఆ మనిషి ఎవరో సగం తెలిసిపోతుంది.

కీచకుడు ఆమెను చూసి మోహించి వచ్చినప్పుడు ఆమె చెప్పే హెచ్చరిక పద్యం తెలుగునాట పద్యం ఇష్టపడే ఇళ్ళన్నిటా కంఠస్థం. దాన్ని పనితనం కోసం ఒకసారి చదివి చూడండి. మొదట తన భర్తల భుజబలం వస్తుంది. గర్వంతో కళ్ళు కానని శత్రువులను నలిపేసే విద్యలో వాళ్ళు ఆరితేరినవాళ్ళని వస్తుంది. తర్వాత వాళ్ళ దివ్యరూపం, ఐదుగురన్న లెక్క. గంధర్వులన్న మాట చాలా ఆలస్యంగా, చివరి పాదం అంచున కనిపిస్తుంది. వరుస తిరగేస్తే పద్యం చచ్చిపోతుంది. కోపంలో ఉన్న స్త్రీ నోట నిజం ముందు పొంగుకొచ్చింది, కప్పు తర్వాత గుర్తుకొచ్చింది. చెప్పిన గుణాలన్నీ పాండవులవే, లెక్క కూడా వాళ్ళదే. మారుపేరు ఒక్కటే కల్పన. పూర్వకథను పాత్ర ఎలా పలకాలో ఇంతకన్నా సూక్ష్మంగా చూపిన పద్యం నాకు తెలియదు.

కీచకుడికి కూడా తిక్కన గతం ఇచ్చాడు. అతడు ఊరికే దుర్మార్గుడు కాడు. రాణికి తమ్ముడు, సేనాపతి, విరాటుడి రాజ్యం నిలబడ్డదే అతని భుజాల మీద. అతని విరహాన్ని తిక్కన ఓపికగా, అడుగడుగునా రాశాడు. ఆ బలమూ ఆ గతమూ మనకు ముందే తెలుసు కాబట్టి, నిండుకొలువులో కీచకుడు ద్రౌపదిని తన్నినప్పుడు రాజు నోరు మెదపకపోవడం మనకు అర్థమవుతుంది. దుష్టపాత్ర గతం ఆ పాత్రను సమర్థించడానికి రాలేదు. చుట్టూ ఉన్నవాళ్ళ మౌనానికి కారణం చెప్పడానికి వచ్చింది.

ఆ కొలువు దృశ్యంలోనే తిక్కన కలం పదును పూర్తిగా కనిపిస్తుంది. అవమానంతో కుమిలిపోతూ నిలబడ్డ భార్యను ధర్మరాజు ఓదార్చలేడు, కంకభట్టు కదా. సభలో ఆటకత్తెలా ఈ నాట్యమేమిటి, వెళ్ళు అని మందలిస్తాడు. ఆమె అతని మాటనే అందుకుని తిప్పికొడుతుంది. అవును, నా భర్త నటుడే, పెద్దవాడి దారినే చిన్నవాళ్ళూ నడిచారు, భర్తలను బట్టే నేనూ అంటుంది. నటుడు మాత్రమే కాడు, జూదరి కూడా, జూదరి ఆలికి గౌరవమెక్కడిది అంటుంది. సభలో వింటున్నవాళ్ళకు అది ఎవరో పరాయి గంధర్వుడి మీద ఒక పనిమనిషి చెప్పుకున్న బాధ. కంకభట్టుకు మాత్రం గుండెలో దిగిన బాణం. పదమూడేళ్ళ క్రితం హస్తినాపురపు సభలో అడగాల్సిన నిలదీత ఈ సభలో, ఈ వేషంలో, ఈ మాటల చాటున బయటికి వచ్చింది. మూలంలో దీనికి బీజం ఉంది, పెద్దవాడు జూదరి అన్న ఎత్తిపొడుపు అక్కడా ఉంది. ఆ బీజాన్ని ముఖాముఖి సంభాషణగా, భార్యాభర్తల తగవుగా పెంచినది తిక్కన. వేషం మనిషి నోరు కట్టేస్తుందనుకుంటాం. ఇక్కడ వేషమే ఆమెకు మాట్లాడే స్వేచ్ఛ ఇచ్చింది.

ఆ రాత్రి ఆమె వంటశాలకు వెళ్ళి భీముణ్ణి లేపి ఒక్కొక్క భర్త అప్పుడెలా ఉండేవాడో ఇప్పుడెలా ఉన్నాడో చెప్పుకుని ఏడ్చింది. వ్యాసుడి కథలో ఆమె గంధం తీసి తీసి కాయలు కాచిన తన చేతులు చూపిస్తుంది. భీముడు ఆ చేతులు తన ముఖానికి ఆనించుకుని ఏడుస్తాడు. అర్జునుడి చేతుల కాయలు విల్లు వల్ల వచ్చి గాజుల కింద దాగాయి. ద్రౌపది చేతుల కాయలు వేషం వల్లే వచ్చాయి. మొదటివి పాత గతానికి గుర్తు, రెండోవి ఈ ఏడాది గతానికి గుర్తు. నటించిన జీవితం కూడా ఒంటిమీద మచ్చలు వేస్తుందని కథ ఇక్కడే మొదటిసారి చెబుతుంది.

ఒకే ఇంటి నౌకర్లు

ఆరు పూర్వకథలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో నేర్పు బయటపడుతుంది. దాదాపు అందరూ ధర్మరాజు ఇంటివాళ్ళమనే చెప్పుకున్నారు: నేస్తం, వంటవాడు, గుర్రాలవాడు, ఆవులవాడు, ద్రౌపది దాసి. ఆ ఇంటి యజమాని ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు, కాబట్టి వెళ్ళి విచారించే వీలు లేదు. ఆ ఇంట పనిచేసినవాళ్ళంటే నేర్పరులని విరాటుడికి నమ్మకం. పాడైపోయిన గొప్ప ఇంటి నౌకర్లు పొరుగు కొలువు వెతుక్కోవడం లోకంలో ఉన్నదే. వాళ్ళలో వాళ్ళకు పరిచయం ఉన్నట్టు కనబడ్డా అనుమానం రాదు. ఒక్క ఏర్పాటుతో ఇన్ని చిక్కులు తీరాయి.

ఈ గతం అవసరాన్ని బట్టి పెరిగేదిగా కూడా ఉంది. కౌరవులు ఉత్తరపు దిక్కున ఆవులను పట్టినప్పుడు కుర్ర రాజకుమారుడు ఉత్తరుడికి సారథి కావాల్సి వచ్చింది. ద్రౌపది అప్పటికప్పుడు బృహన్నల గతానికి ఒక కొత్త ముక్క చేర్చింది: ఈమె ఖాండవ దహనంనాడు అర్జునుడికి సారథ్యం చేసింది, ఈమెను తీసుకెళ్ళు అంది. ముందు ఖాళీగా వదిలిన పూర్వకథ ఇప్పుడు పనికొచ్చింది. అన్నీ మొదటే చెప్పేసి ఉంటే ఈ చోటు ఉండేది కాదు.

కొలువులో చేరకముందు పురోహితుడు ధౌమ్యుడు చెప్పిన కొలువు నీతి కూడా ఈ పూర్వకథలకు కాపు కాసింది. రాజు మేడకన్నా అందంగా ఇల్లు కట్టుకోవద్దనీ, రాజు దగ్గర ఉన్నది ఏనుగైనా దోమైనా దానితో విరోధం తెచ్చుకోవద్దనీ తిక్కన చెప్పించిన తీరులో, నెల్లూరి కొలువులో తల నెరసిన మంత్రి అనుభవం వినిపిస్తుంది. వేషం వేసుకోవడం ఒక పూట పని. దాన్ని రోజూ మోయడానికి నడవడి కావాలి. రష్యా రంగస్థల గురువు స్తనిస్లావ్‌స్కీ 20వ శతాబ్దంలో నటులకు బోధించినదీ ఈ దారిలోనిదే: వేదిక మీద కనబడని జీవితాన్ని కూడా నటుడు తనలో కట్టుకోవాలి.

ఆరు జెండాలు, పది పేర్లు

గతం ఎప్పుడు చెప్పకూడదో కూడా తిక్కనకు తెలుసు. ఉత్తరుడు కౌరవ సేనను చూసి వణికినప్పుడు ఒక పద్యం ఉంది. అందులో ముప్పాతిక భాగం భారీ సంస్కృత సమాసాలు: భీష్మద్రోణుల విళ్ళు, దుర్యోధనుడి ప్రతాపం, ఆయుధాల వేడి, జెండాల మంటలు. అంతా అయ్యాక, ఈ సైన్యాన్ని నేను దగ్గరికైనా చేరగలనా అన్న చిన్న ప్రశ్న. పైన అంత బరువు, కింద ఇంత చిన్న గొంతు. పిల్లవాడి భయానికి కారణం చెప్పే కథ అక్కరలేకపోయింది, పద్యం కట్టడమే ఆ పని చేసింది.

తర్వాత అర్జునుడు ఎదుటి వీరులను చూపిస్తాడు. ఒకే సీసపద్యంలో ఆరుగురు. బంగారు వేదిక జెండా ద్రోణుడిది, సింహం తోక అశ్వత్థామది, బంగారు ఎద్దు కృపుడిది, శంఖం కర్ణుడిది, మణుల పాము దుర్యోధనుడిది, ఎత్తయిన తాడిచెట్టు భీష్ముడిది. కథానాయకులు ఆరుగురికి ఆరు పూర్వకథలు, ఎదుటివాళ్ళు ఆరుగురికి ఆరు జెండాలు. వీళ్ళ గతం వినేవాడికి ఇప్పుడు అక్కరలేదు, దూరం నుంచి గుర్తుపడితే చాలు. ఏ పాత్రకు కథ కావాలో ఏ పాత్రకు గురుతు చాలునో ఎంచుకోవడం పనివాడి వివేకం.

ఉత్తరుడు బృహన్నలను నమ్మే ఘట్టం పూర్వకథల విద్యకు పరీక్షలా ఉంటుంది. నేనే అర్జునుణ్ణి అంటే కుర్రవాడు నమ్మడు. అర్జునుడి పది పేర్లు విన్నాను, ఒక్కో పేరు ఎందుకొచ్చిందో చెబితే నమ్ముతాను అంటాడు. అర్జునుడు చెబుతాడు: రాజులను గెలిచి ధనం తెచ్చినందుకు ధనంజయుడు, తెల్లగుర్రాల రథం ఉన్నందుకు శ్వేతవాహనుడు, రెండు చేతులా గాండీవం లాగగలిగినందుకు సవ్యసాచి, ఇంద్రుడు కిరీటం పెట్టినందుకు కిరీటి, ఫల్గునీ నక్షత్రంలో పుట్టినందుకు ఫల్గునుడు. పేర్లు ఎవరైనా వల్లించగలరు. వాటి వెనక బతికిన బతుకు ఆ మనిషి ఒక్కడే చెప్పగలడు. ఇన్నాళ్ళూ గతాన్ని దాచిన మనిషి ఇప్పుడు గతాన్ని చూపించి తనను తాను రుజువు చేసుకున్నాడు.

దాగని స్వభావం, నిజమైన వేషం

యుద్ధం గెలిచిన వార్త వచ్చినప్పుడు విరాటుడు కొడుకును పొగుడుతుంటే కంకభట్టు ఊరుకోలేకపోయాడు. బృహన్నల సారథ్యం చేస్తే గెలవక ఏమవుతుందన్నాడు. రాజు పాచికలు విసిరి కొట్టాడు, ముక్కున నెత్తురు కారింది, నేల పడకుండా ద్రౌపది పాత్రలో పట్టింది. ఏడాదంతా సహించిన మనిషి చివరిలో సత్యం చెప్పకుండా ఉండలేక దెబ్బ తిన్నాడు, అదీ పాచికలతోనే. మొదటి రోజు ఎంచుకున్న వేషానికీ ఈ దెబ్బకూ ఉన్న బంధం చూస్తే పర్వమంతా ఎంత జాగ్రత్తగా అల్లుకుందో తెలుస్తుంది.

స్వభావం దాగదన్న సంగతి భీష్ముడు ముందే చెప్పాడు. ధర్మరాజు ఉన్న దేశంలో వానలు వేళకు పడతాయి, పైరు పండుతుంది, జనం మంచిగా ఉంటారు, ఆ గుర్తులతో వెతకమన్నాడు. వానలు మొహం చాటేసినప్పుడు విరాటపర్వం చదివించే ఆచారం తెలుగు పల్లెల్లో నిలబడడానికి ఈ మాటకూ సంబంధం ఉంది. ఒక పాత్ర గుణం పొలాల మీద నమ్మకమై కురిసింది. సాహిత్యంలో ఏ పాత్రకైనా ఇంతకన్నా పెద్ద గౌరవం ఏముంటుంది?

చివరి ఘట్టం నాకు అన్నిటికన్నా విలువైనది. పాండవులు బయటపడ్డాక విరాటుడు కూతురు ఉత్తరను అర్జునుడికి ఇస్తానన్నాడు. అర్జునుడు ఒప్పుకోలేదు. ఏడాది అంతఃపురంలో ఉన్నాను, ఆమె నన్ను గురువుగా, తండ్రిలా నమ్మింది, కోడలిగా అయితే స్వీకరిస్తాను అన్నాడు. ఉత్తర అభిమన్యుడి భార్య అయింది. బృహన్నల వేషమే. ఆ వేషంలో పిల్లలకు ఆట నేర్పిన రోజులు, బొమ్మపొత్తికలకు రంగు బట్టలు తెమ్మని ఆ పిల్లలు అడిగిన చనువు మాత్రం వేషాలు కావు. కల్పించుకున్న గతం ఏడాది బతికాక నిజమైన గతం అయింది. దాని బాధ్యతను వీరుడు మోశాడు. పూర్వకథ పాత్రకు అలంకారం అనుకునేవాళ్ళకు ఇది జవాబు. పాత్ర చెప్పుకున్న కథ ఆ పాత్రను మార్చితేనే ఆ కథకు విలువ.

ఉద్యోగపర్వంలో తిక్కన దీనికి ఎదురు బొమ్మ గీశాడు. అక్కడ కర్ణుడికి కృష్ణుడు, తర్వాత కుంతి, అతని అసలు పుట్టుక చెబుతారు. పాండవులు లేని గతం కల్పించుకుని బతికారు. కర్ణుడు ఉన్న గతం తెలిసీ దానివైపు వెళ్ళలేదు. పెంచినవాళ్ళనూ నమ్మినవాణ్ణీ వదలనన్నాడు. గతం ఒకటే అయినా మనిషి దాన్ని ఏం చేసుకున్నాడన్నదే పాత్ర. ఈ విద్య మీద నాటి నెల్లూరికి ప్రీతి ఉన్నట్టుంది. చెదిరిపోయిన రాకుమారులు మళ్ళీ కలిసి ఎవరెక్కడ తిరిగారో ఒక్కొక్కరే చెప్పుకునే దండి దశకుమారచరిత్రను తెలుగు చేసిన కేతన, ఆ కావ్యాన్ని తిక్కనకే అంకితమిచ్చాడు.

విరాటపర్వం తర్వాతి కాలాలనూ పోషించింది. 1963లో కమలాకర కామేశ్వరరావు తీసిన నర్తనశాలలో ఎన్.టి. రామారావు బృహన్నల, సావిత్రి ద్రౌపది, ఎస్.వి. రంగారావు కీచకుడు తెలుగువాళ్ళ కళ్ళలో స్థిరపడిపోయారు. ఆ సినిమా చూసి ఇష్టపడ్డవాళ్ళు పద్యం దగ్గరికి కూడా వెళ్ళాలని నా కోరిక. తిరుమల తిరుపతి దేవస్థానం ప్రచురించిన కవిత్రయ భారతం తాత్పర్యాలతో దొరుకుతోంది. పద్యానికి అలవాటు లేనివాళ్ళు కూడా తాత్పర్యం ముందు చదువుకుని పద్యంలోకి వెళ్ళవచ్చు.

కథలు, నవలలు, నాటకాలు, సినిమా స్క్రిప్టులు రాస్తున్న యువతకు ఒక విన్నపం. కొత్త పాత్రను కాగితం మీదికి తెచ్చేముందు విరాటపర్వం మొదటి ఆశ్వాసం చదవండి. మీ పాత్ర లోకానికి చెప్పుకునే గతం ఒకటి రాయండి, తనకు మాత్రమే తెలిసిన గతం ఇంకొకటి రాయండి. ఆ రెంటి మధ్య ఎంత దూరముందో చూసుకోండి. ఆ దూరంలోనే మీ కథ ఉంటుంది.